తొలికోడి, మలికోడి

వడియాలు ఎండాయా అని అడిగితే మా అమ్మ ఔననీ అనదు, కాదనీ అనదు. మంచం మీద పరిచిన గుడ్డ మీంచి ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచి, "ఇంకో ఎండ కావాల" అంటుంది. వడియాలకు మూడెండలు. మాగాయ ముక్కలకు రెండెండలు. కల్లంలో పోసిన మిరపకాయకు పది పైనే. పాలు సోలతో, బియ్యం మానికతో కొలిచినట్టు ఎనభై ఎనిమిదేళ్ల మా అమ్మ ఎండని ఎండతోనే కొలుస్తుంది. మబ్బు పట్టిన రోజైతే సాయంత్రానికి "ఇయ్యాల అరెండ కూడా కాయలా" అని లెక్క తేల్చేస్తుంది.

బ్యాంకులో ముప్పై మూడేళ్లు పద్దులు రాసి రిటైరైనవాణ్ని నేను. ఎండకీ జమాఖర్చు ఉంటుందని నాకు తెలిసింది మాత్రం పోయిన వేసవిలోనే. తెలియజెప్పింది ఎనిమిదో తరగతి చదివే మనవడు.

మాది పల్నాడులో రెంటచింతల పక్కన పల్లె. బయటివాళ్లకు రెంటచింతల అంటే ఊరు కాదు, ఒక ఉష్ణోగ్రత. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పేపర్లో మా పేరు పక్కన ఒక అంకె ఉంటుంది. పెళ్లిళ్లకు వెళితే "మీ వైపు ఎట్టా బతుకుతారండీ" అని పరామర్శిస్తారు. ఇన్నేళ్లూ ఎండని మేం తిట్టుకున్నాం, తప్పించుకున్నాం, దాని కింద మిరపకాయలు ఆరబోసుకున్నాం. దాన్ని సీసాలో పట్టి పెరట్లో దీపం పెట్టొచ్చని మాకెవరికీ తోచలేదు.

మనవడు నరసరావుపేటలో చదువుతున్నాడు. వాళ్ల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకం అది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు సామాన్లు ముందేసుకుని ఏదో ఒకటి చేసుకోవటానికి బడికి ఇరవై లక్షల దాకా ఇస్తారు. టింకరింగ్ అంటే ఏమిటని అడిగితే వాడు కాసేపు ఆలోచించి, "కెలకటం తాతయ్యా" అన్నాడు. మా చిన్నప్పుడు రేడియో విప్పితే వీపు చిట్లిపోయేది. ఇప్పుడు దానికి గ్రాంటు ఇస్తున్నారు.

సెలవులకు వాడు ఒక బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చాడు. అందులో చుట్టలు చుట్టిన రంగురంగుల వైర్లు, పేలగింజలంత ఎల్ఈడీలు, రెసిస్టర్లు, అరచేయంత సోలార్ ప్యానెల్, దాదాపు సిగరెట్ పెట్టెంత ఉన్న నీలం రంగు ఆర్డుయినో ఊనో బోర్డు ఉన్నాయి. తెల్లటి చిల్లుల పలకొకటి తీసి దాన్ని బ్రెడ్‌బోర్డు అంటారన్నాడు. "బ్రెడ్డా? జొరమొచ్చినోళ్లు తినేదేగా?" అంది అమ్మ. వాడు నవ్వి, "దీన్ని వైర్లు తింటాయి తాతమ్మా" అన్నాడు.

ఆ ఆర్డుయినో పేరు కథ పల్నాటివాడికి నచ్చకుండా ఉండదు. ఇటలీలో ఐవ్రియా అని ఓ ఊరు. అక్కడి దొర ఆర్డుయిన్ 1002లో ఇటలీకి రాజయ్యాడు, తర్వాత రాజ్యం పోగొట్టుకున్నాడు. ఆయన పేరుతో ఆ ఊళ్లో ఒక బార్ ఉండేది. 2005లో ఆ ఊరి డిజైన్ కాలేజీలో మాస్సిమో బాంజీ, ఆయన మిత్రులు తమ విద్యార్థుల కోసం చవకగా ఒక బోర్డు తయారుచేసి, తాము సాయంత్రాలు కూర్చునే ఆ బార్ పేరే దానికి పెట్టారు. ఓడినవాణ్ని తలుచుకోవటం మాకూ అలవాటే. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి యుద్ధవీరుల పేరిట మేం చేసేది అదే. అందులో ఒక రోజు పేరు కోడిపోరు. ఈ కోడి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మొదటి పాఠం ఎల్ఈడీని ఆర్పి వెలిగించటం. వెలుగు, వెయ్యి మిల్లీసెకన్లు ఆగు, ఆరు, మళ్లీ ఆగు. నాలుగు మాటల ప్రోగ్రాం. 220 ఓముల రెసిస్టరు అడ్డుపెట్టి వాడు వైరు గుచ్చగానే పేలగింజ కన్నుగీటింది. నాకు చప్పున కోటప్పకొండ గుర్తొచ్చింది. శివరాత్రికి డెబ్బై ఎనభై అడుగుల ప్రభల మీద బల్బులు పాముల్లా పాకుతూ, పువ్వుల్లా విచ్చుకుంటూ ఉంటే జనమంతా ముందు నిలబడి చూసేవాళ్లు. నేనొకసారి వెనక్కి వెళ్లాను. జనరేటరు పక్కన మోటారుకి బిగించిన ఒక చెక్క పీపా నిదానంగా తిరుగుతోంది. దాని ఒంటినిండా రాగి రేకు ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో తీగకు తగిలినప్పుడల్లా ఒక్కో వరస వెలుగుతోంది. రేకులు ఎక్కడ అతికించాలో తెలిసినవాడే ఆ రాత్రికి బ్రహ్మ. "అదీ ప్రోగ్రామే తాతయ్యా, రేకు మీద రాశారు" అన్నాడు మనవడు. నిజమే. ఇప్పుడు ఆ పీపా గోరంత చిప్పులోకి పోయింది, అంతే తేడా.

ఇక అసలు పనికొచ్చాం. పెరట్లో దొడ్డికి పోయే దారిలో లైటు లేదు. అంతకుముందు చలికాలంలో అమ్మ రాత్రిపూట అక్కడే కాలు జారింది. కరెంటు లైనుతో పనిలేకుండా, స్విచ్చు వెయ్యనక్కర్లేకుండా చీకటి పడగానే తనంతట తనే వెలిగే దీపం చెయ్యాలన్నాం. పగలు ప్యానెల్ బ్యాటరీని నింపుతుంది, రాత్రి దీపం ఖాళీ చేస్తుంది. కాగితం మీద అంతా సులువుగానే ఉంది.

"చీకటి పడితే వెలుగు అని రాస్తా. చీకటంటే ఎంత తాతయ్యా?" అన్నాడు వాడు.

ఇదేం ప్రశ్నరా అనబోయి ఆగాను. అరవై అయిదేళ్లుగా రోజూ చీకటి పడటం చూస్తున్నాను. ఎప్పుడు పడిందంటే చెప్పలేను. చిప్పుకి "కాస్త మసకగా" అనే మాట అర్థం కాదు. దానికి అంకె కావాలి. ఎల్‌డీఆర్ అని కందిగింజకన్నా కాస్త పెద్ద బిళ్ల ఒకటుంటుంది. దాని మీద వెలుతురు పడితే కరెంటుకి దారి వదులుతుంది, చీకటైతే దారి బిగిస్తుంది. పది వేల ఓముల రెసిస్టరుతో జత కట్టి బోర్డుకి కలిపితే ఆ వెలుతురును 0 నుంచి 1023 దాకా మెట్ల మీద కొలిచి చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం 970. వసారాలో 600. తలుపేసిన గదిలో 40. సరే, 300 అనుకుందాం, అంతకన్నా తగ్గితే చీకటి అన్నాను, బ్యాంకులో మినిమమ్ బ్యాలెన్స్ చెప్పినంత ధీమాగా.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఇంటిల్లిపాదీ పెరట్లో కూర్చున్నాం. పక్కింటివాళ్లూ వచ్చారు. 310, 305, 301. దీపం వెలిగింది. చప్పట్లు కొట్టేలోపే ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. తర్వాత ఇక ఆగలేదు. గజగజా వణికిపోతూ కొట్టుకోవటం మొదలుపెట్టింది. "మీ లైటుకి చలిజొరం వచ్చినట్టుందే" అన్నాడు పక్కింటాయన. నలభై అయిదు డిగ్రీల ఊళ్లో చలిజొరం!

దాని తప్పేం లేదు. మేం చెప్పిందే చేస్తోంది. 299 చూసి చీకటి అనుకుంది, వెలిగింది. ఆ వెలుతురు దాని కంట్లోనే పడి 340 అయింది. తెల్లారింది కాబోలనుకుని ఆరింది. ఆరగానే చీకటి. తన దీపాన్ని తనే చూసుకుని సూర్యోదయమనుకునే ప్రాణి అది. అలాంటివాళ్లు మనకి తెలియనివాళ్లేం కాదు.

మనవడు బిళ్లని పైకి, పక్కకి తిప్పి చూశాడు. కొంత నయమైంది, పూర్తిగా తగ్గలేదు. చిన్న మబ్బు తునక కదిలినా, గేదె అడ్డమొచ్చినా అంకె మూడొందలకి అటూ ఇటూ ఊగుతూనే ఉంది. చివరికి అమ్మనే అడిగాడు. "తాతమ్మా, నువ్వు దీపం ఎప్పుడు పెడతావు?"

అమ్మ అరచెయ్యి చాపింది. "గీతలు అలికినట్టయితే పెడతా."

"మరి తెల్లారాక ఎప్పుడు తీసేస్తావు? గీతలు కనపడగానేనా?"

"అప్పుడే ఎందుకురా! గీతలు కనపడితే తెల్లారినట్టా? ముంగిట్లో ముగ్గు బాగా అగుపడాల. తొలికోడి కూస్తే పక్క మీద కదులుతాం, అంతే. మలికోడి కూసినాకే లేస్తాం. తొలికోడి నమ్మి లేచినోళ్లు అర్ధరాత్రి కళ్లాపి చల్లుకున్నట్టే."

నేను నవ్వాను. మనవడు నవ్వలేదు. లేచి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాడు. 300 కొట్టేసి రెండు అంకెలు రాశాడు. 250 కన్నా తగ్గితే వెలుగు. 450 దాటితేనే ఆరు. మధ్యలో ఏమున్నా ఇప్పుడున్నట్టే ఉండు. ఇంకో వాక్యం కూడా చేర్చాడు: ఒకసారి చూసి నమ్మకు, వరసగా మూడుసార్లు అలాగే ఉంటేనే నమ్ము. మర్నాడు దీపం ఒకసారి వెలిగిందంటే తెల్లారేదాకా రెప్ప వెయ్యలేదు.

ఆ కిటుకుకి ఎలక్ట్రానిక్స్‌లో హిస్టెరిసిస్ అని పెద్ద పేరుందట. 1934లో ఆటో ష్మిట్ అనే అమెరికా విద్యార్థి స్క్విడ్ అనే సముద్రజీవి నరాలు ఎలా స్పందిస్తాయో చదువుతూ, ఆ పద్ధతిని అనుకరించి ఒక సర్క్యూట్ కనిపెట్టాడు. ష్మిట్ ట్రిగ్గర్ అంటే అదే. ఫ్రిజ్జు నిమిషానికోసారి ఆగి తిరగకపోవటానికి కారణం కూడా ఈ రెండు హద్దులే. ష్మిట్‌కి సముద్రజీవి చెప్పిన సంగతి మా ఇంట్లో కోడి చెప్పింది. పల్నాడులో కోడి అనగానే లోకానికి యుద్ధం గుర్తొస్తుంది. పందెంలోకి దింపకముందు దానికి వేరే ఉద్యోగం ఉండేదని, రెండుసార్లు కూసి తెల్లవారటాన్ని ఖాయం చెయ్యటమే ఆ ఉద్యోగమని మేమూ మరిచిపోయాం.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. తెలియదనుకున్నది నేర్చుకోవటానికి కూర్చున్నాను. తీరా చూస్తే, తెలుసనుకున్నది ఎలా తెలుసో నాకు తెలియదని తేలింది. ఆ చిప్పంత తెలివితక్కువ శిష్యుడు ఎవరికీ దొరకడు. దేనికీ సర్దుకోదు, దేన్నీ ఊహించుకోదు, గురువుగారి పరువు కోసం అర్థమైనట్టు తల ఊపదు. దానికి చెప్పాలంటే మనకి వేళ్లలో, కళ్లలో ఉన్న ఎరుకని బయటికి లాగి అంకెలు చెయ్యాలి. అలా లాగితే నా దగ్గర వచ్చింది 300 అనే ఒక బండ అంకె. అమ్మ దగ్గర వచ్చింది ఆచితూచిన రెండు గుర్తులు. హిరణ్యకశిపుడు కూడా పగలు, రాత్రి అని ఒకే గీత గీసుకుని వరం అడిగాడు. నరసింహుడు ఆ గీత మీదే కూర్చుని, సంధ్యవేళ, గడప మీద పని కానిచ్చాడు. ఒక్క గడపనే నమ్ముకుంటే అంతే మరి.

తర్వాత జమాఖర్చులు వచ్చాయి. ఇది నా రాజ్యం కాబట్టి నోట్‌బుక్ నేనే తెరిచాను. ప్యానెల్ 6 వోల్టులు, 1 వాట్. నిండెండలో ఇచ్చేది 160 మిల్లీ ఆంపియర్లు. చదరపు మీటరు మీద 1000 వాట్ల వెలుతురు పడితే సోలార్ శాస్త్రవేత్తలు దాన్ని ఒక సన్ అంటారని మనవడు చెప్పాడు. ఒక ఎండ! అమ్మకి చెబితే, "మరి దాన్నేమంటారు?" అంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాసిన ఏటవాలు ఎండలన్నీ కలిపి నిండెండలోకి మారిస్తే మా వైపు మంచి రోజున అయిదు గంటల లెక్క వేసుకోవచ్చు. అంటే రోజు రాబడి 800 మిల్లీ ఆంప్ అవర్లు.

ఖర్చు రాద్దామని చూస్తే నోరు తెరిచాను. ఎల్ఈడీలు మూడు, ఒక్కోటి 20 చొప్పున 60, పది గంటలకి 600. బాగానే ఉంది. కానీ ఊనో బోర్డు ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నా గంటకి 50 తాగుతుంది. పగలూ రాత్రీ కలిపి 1200. ఇంటి రాబడి 800, వాకిట్లో కాపలావాడి జీతం 1200. ఇలాంటి బ్యాలెన్స్ షీట్లు నా సర్వీసులో చాలానే చూశాను. అన్నీ మొండి బాకీలే అయ్యాయి.

మందు నిద్ర. ఆ బోర్డు మీది అసలు చిప్పు ఏటీమెగా 328పీ. బోర్డు మీది మిగతా హంగులు వదిలేసి దాన్నొక్కదాన్నే వాడుకుని, ఎనిమిది సెకన్లకోసారి లేచి వెలుతురు చూసి మళ్లీ పడుకోమని చెప్పొచ్చు. నిద్రలో అది తాగేది పది మైక్రో ఆంపియర్ల లోపు. మిల్లీలో వెయ్యోవంతు మైక్రో. కాపలావాడి జీతం పన్నెండొందల నుంచి చిల్లరకి దిగిపోయింది. "అంటే కోడికునుకు అన్నమాట" అన్నాను. మళ్లీ కోడే! 2200 మిల్లీ ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీ పెడితే ముసురు పట్టినా మూడు రాత్రులు గడుస్తుంది. గోడలోంచి వచ్చే కరెంటుకి ఈ లెక్క ఎప్పుడూ వెయ్యలేదు. అది ఊరి చెరువు నీళ్లలా అడుగు కనపడదు. ఇది మన కుండ నీళ్లు. ముంచుకుంటుంటే గరిట అడుక్కి తగులుతుంది, ఆ చప్పుడు వినపడుతుంది.

ఇక ఎండ విషయంలో మాకు ఉన్న గర్వం కూడా కొంత దిగింది. రెంటచింతల ఎండకి ప్యానెల్ పండగ చేసుకుంటుందనుకున్నాను. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి దానికి గిట్టదు. దాని మీద రాసిన వాట్లు పాతిక డిగ్రీల దగ్గర కొలిచినవి. అక్కణ్నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ దాదాపు 0.4 శాతం శక్తి జారిపోతుంది. మా మిద్దె మీద ఆ నల్ల పలక అరవై అయిదు డిగ్రీలకు చేరితే పదహారు శాతం గాలికే. కిందనుంచి గాలాడేట్టు రెండు నాపరాయి ముక్కల మీద ఎత్తి పెట్టాం. మూడో రోజు రాబడి ఉన్నట్టుండి పడిపోయింది. ఎక్కి చూస్తే కాకిరెట్ట. ప్యానెల్‌లో గళ్లన్నీ ఒకే పలుపుకి కట్టిన ఎడ్లలాంటివి, ఒకటి కూలబడితే మిగతావీ ఆగుతాయి. కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. సోలార్ ప్యానెల్ పెట్టుకోవటానికి త్రికోటేశ్వరుడి కన్నా యోగ్యమైన మిద్దె ఇంకొకరికి లేదు.

బ్యాటరీతో ఇంకో పేచీ. నలభై అయిదు డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదు. మా ఊళ్లో నీడే అంత ఉంటుంది. ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా చేయి ఆనించుకుంటూ తిరిగాం. పడమటింట్లో మూరెడు మందం మట్టిగోడలో పాత దీపపు గూడు ఉంది. చేయి పెడితే చల్లగా తగిలింది. పైన ఆముదపు మసి ఇంకా నల్లగానే ఉంది. బుడ్డి దీపం ఖాళీ చేసిన చోట బ్యాటరీ కూర్చుంది.

అమ్మ కాపరానికి వచ్చిన కొత్తల్లో ఆ గూట్లో దీపం పెట్టేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేసినరోజు మగవాళ్లంతా బళ్లు కట్టుకుని వెళ్లారట. నీళ్లొస్తాయి, కరెంటొస్తుంది అని చెప్పుకున్నారట. దానికి ఏడాదిన్నరకు పైగా ముందు, 1954 ఏప్రిల్‌లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు మొదటి పనికొచ్చే సిలికాన్ సోలార్ సెల్‌ని లోకానికి చూపించారు. దాంతో వాళ్లు తిప్పింది ఏమిటో తెలుసా? బొమ్మ రంగులరాట్నం. పడిన వెలుతురులో ఆరు శాతమే కరెంటుగా మారేది. ఒకే కాలంలో ఒకచోట కొండల మధ్య నదికి అడ్డంగా రాళ్లు పేర్చారు, ఇంకోచోట బల్ల మీద బొమ్మ తిప్పారు. ఆ నదిని ఆకాశానికెత్తి పోసేదీ సూర్యుడే కాబట్టి రెండింటికీ పెట్టుబడి ఒకటే. పెద్దది మా పొలాలకి వచ్చింది. చిన్నది అమ్మ గూటికి రావటానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

దీపం ఇప్పుడు తనంతట తను వెలుగుతోంది. అయినా అమ్మ సాయంత్రం కాగానే అరచెయ్యి చూసుకోవటం మానలేదు. గీతలు అలికినట్టవగానే పెరటివైపు తొంగిచూస్తుంది. అప్పటికే వెలిగి ఉంటే "ఊఁ" అంటుంది. ఒక్కోరోజు ఆమె ముందు, ఒక్కోరోజు అది ముందు. మనవడు వాళ్లిద్దరి పందెం రాసిపెడుతున్నాడు. పల్నాడు కదా, పందెం లేకుండా ఎలా?

సెలవులు అయిపోయే ముందు వాడు ఇంకో పరీక్ష పెట్టాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా గంటగంటకీ మిద్దె ఎక్కి మల్టీమీటరుతో ప్యానెల్ కరెంటు కొలిచి కూడాడు. పేజీలో రెండు గడులు గీశాడు. ఒకదాని మీద మీటరు, ఇంకోదాని మీద తాతమ్మ. మధ్యాహ్నం రెండింటికి గురజాల వైపు నుంచి మబ్బులొచ్చి కాసేపు కమ్మాయి. సాయంత్రం లెక్క తేలింది, 610. నిండు రోజు రాబడి 800.

అమ్మ దగ్గరికి వెళ్లి, అంకె చెప్పకుండా, "ఇయ్యాల ఎంత ఎండ కాసింది తాతమ్మా?" అని అడిగాడు.

ఆమె మంచం మీది వడియం ఒకటి తీసింది. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది.

"ముప్పాతిక" అంది.